రాజరక్తం లేని ప్రేమకథ కావాలి

పోయిన సెమిస్టర్‌లో ఒక సెమినార్ ముగిశాక క్యాంటీన్‌లో టీ తాగుతున్నాం. పెన్ను కోసం సంచి తెరిస్తే 'ఫోర్త్ వింగ్' నవల జారి బల్ల మీద పడింది. ఎదురుగా కూర్చున్న ఒక అధ్యాపకుడు దాన్ని తీసి, అట్ట మీది డ్రాగన్లను చూసి నవ్వారు. "కులం మీద రీసెర్చ్ చేస్తూ ఇవి కూడా చదువుతారా?" అన్నారు. ఆయన మనసులో చెడు ఉద్దేశం ఏమీ లేదు. నేనూ నవ్వి పుస్తకం లోపల పెట్టుకున్నాను. హాస్టల్‌కు వచ్చాక మాత్రం ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

ఆ ప్రశ్న వెనక రెండు నమ్మకాలు ఉన్నాయి. డ్రాగన్లు, ముద్దులు ఉండే పుస్తకాల్లో కులం లాంటి బరువైన విషయం ఉండదన్నది మొదటిది. దళిత విద్యార్థి చదవాల్సింది, రాయాల్సింది బాధ గురించేనన్నది రెండోది. ఈ రెండూ తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ప్రేమకథనూ ఫాంటసీనీ కలిపి రాసే నవలలను ఇప్పుడు 'రొమాంటసీ' అంటున్నారు. రెబెక్కా యారోస్ రాసిన 'ఫోర్త్ వింగ్' 2023లో వచ్చింది. అదే సిరీస్‌లో మూడో నవల 'ఓనిక్స్ స్టార్మ్' 2025 జనవరిలో విడుదలైతే, మొదటి వారంలోనే 27 లక్షల కాపీలు పోయాయి. మన హాస్టళ్లలో కూడా ఇవే చేతులు మారుతున్నాయి. కొందరు ఫోన్‌లో చదువుతారు, కొందరు ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద బేరమాడి కొంటారు. ఇంతమంది ఇంత ఇష్టంగా చదివేదాన్ని కాలక్షేపమని కొట్టిపారేయడం సాహిత్య విద్యార్థులకు తగదు. కులాన్ని చదివే వాళ్లకు అసలు తగదు.

ఎందుకంటే, 1916లో కొలంబియా యూనివర్సిటీలో పాతికేళ్ల విద్యార్థి ఒకరు సెమినార్ పేపర్ చదివారు. కులానికి ప్రాణం ఎక్కడుందని వెతికి, కులం లోపలే పెళ్లి చేసుకోవాలన్న కట్టుబాటులో ఉందని చూపించారు. సతి, వితంతువుల మీద ఆంక్షలు, బాల్య వివాహం, ఇవన్నీ ఆ కట్టుబాటును కాపాడే కంచెలేనన్నారు. ఇరవై ఏళ్ల తర్వాత 'కుల నిర్మూలన'లో బాబాసాహెబ్ అదే దారిలో ఇంకా ముందుకు వెళ్లారు. సహపంక్తి భోజనాలు చాలవనీ, రక్తాలు కలిసే కులాంతర వివాహమే అసలు మందనీ, ఆ పెళ్లిని అడ్డుకునే శాస్త్రాల మీద నమ్మకం పోవాలనీ చెప్పారు.

అంటే కులం బతికేది రెండు చోట్ల: ఎవరు ఎవర్ని పెళ్లాడాలన్న నిర్ణయంలో, ఎవరి రక్తం గొప్పదన్న నమ్మకంలో. ప్రేమ నవల పని చేసేది మొదటి చోట. ఫాంటసీ పని చేసేది రెండో చోట. ఇంతకన్నా మన పరిశోధనకు దగ్గరి సాహిత్యం ఏముంటుంది?

అన్న రాసిన నోట్సు

'ఫోర్త్ వింగ్' కథ ఒక యుద్ధ కళాశాలలో నడుస్తుంది. వయొలెట్ అనే అమ్మాయి ఎముకలు బలహీనం, కీళ్లు ఊరికే జారిపోతాయి. పుస్తకాల మధ్య బతకాలనుకున్న ఆ పిల్లను తల్లి డ్రాగన్ రౌతుల విభాగంలోకి తోస్తుంది. మొదటి రోజే ఎత్తైన సన్నటి గోడ మీద నడవాలి. పడితే చావే. బలవంతులు రాలిపోతుంటే బలహీనురాలు నిలబడుతుంది. ఆమెను ఎంచుకునేది అందరికన్నా బలమైన డ్రాగన్. చదువుతున్నంతసేపూ నా గుండె ఆమె పక్షానే కొట్టుకుంది. అది దాచుకోను.

రెండోసారి చదివినప్పుడు ఆమె చేతిలో ఏమున్నాయో చూశాను. వయొలెట్ తల్లి సైన్యాధికారి. ముందే రౌతు అయిన అక్క ఆమెకు డ్రాగన్ పొలుసులు కుట్టిన కవచం ఇస్తుంది. అదే కళాశాలలో చదివిన అన్న, అక్కడ ఎలా బతికి బయటపడాలో రాసిన నోట్సు కూడా ఆమెకు అందుతుంది. చిన్ననాటి స్నేహితుడు అప్పటికే అక్కడ సీనియర్. ఇవేవీ లేకుండా ఆ గోడ మీదికి ఎక్కి పడిపోయిన పిల్లల పేర్లు కథ ఎక్కువసేపు గుర్తుపెట్టుకోదు. ఆమె తెలివి, ధైర్యం నిజమే. ఆ కవచం, ఆ నోట్సు కూడా నిజమే. మన క్యాంపస్‌లలో 'మెరిట్' అనే మాట పలికేటప్పుడు మొదటి రెండూ లెక్కకొస్తాయి, తర్వాతి రెండూ మాయమవుతాయి. ఇంటర్వ్యూ గదిలో కుర్చీ ఎలా లాక్కుని కూర్చోవాలో చెప్పే అన్న లేకుండా వచ్చిన మొదటి తరం విద్యార్థికి ఈ సంగతి విడిగా చెప్పక్కర్లేదు.

ఇదే నవలలో ఇంకో గుంపు ఉంది. తిరుగుబాటు చేసి ఓడి మరణశిక్ష పడ్డవాళ్ల పిల్లలు వాళ్లు. తల్లిదండ్రులు చేసినదానికి పిల్లల ఒంటి మీద చెరగని ముద్ర. వాళ్లు గుంపుగా కలవకూడదు. ఆ రౌతుల విభాగంలో చేరడం వాళ్లకు బలవంతం. కథానాయకుడు జేడెన్ వాళ్లలో ఒకడు. మిగతావాళ్లందరి విధేయతకూ తాను పూచీ పడి వీపు మీద 107 గాట్లు వేయించుకున్నాడు. పుట్టుకతో అంటిన నేరం, ఒంటి మీద గుర్తు, నలుగురు కూడితే అనుమానం. ఇవి మనకు తెలిసినంత బాగా ఎవరికి తెలుసు?

కానీ రచయిత్రి ఆ కథను ముద్ర పడ్డ పిల్లల గొంతుతో చెప్పలేదు. వాళ్ల తిరుగుబాటును అణచిన సైన్యాధికారి కూతురి కళ్లతో చెప్పింది. జేడెన్ కూడా మామూలు వాడు కాడు, తిరుగుబాటుకు నాయకత్వం వహించిన ప్రభువు కొడుకు. ముద్ర పడ్డవాడిని ప్రేమించాలన్నా వాడి రక్తం పెద్దింటిదే కావాలి. ముద్ర ఉండీ పెద్దిల్లు లేని పిల్ల ఆ నవలకు నాయిక అయ్యేదెప్పుడు?

నన్ను నమ్మిన మనిషి

అలీ హేజల్‌వుడ్ రాసిన 'ద లవ్ హైపోథిసిస్' 2021లో వచ్చింది. నాయిక ఆలివ్ స్టాన్‌ఫర్డ్‌లో జీవశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తోంది. తల్లిని తీసుకుపోయిన పాంక్రియాస్ క్యాన్సర్ మీదే ఆమె పరిశోధన. అయినవాళ్లు లేరు, చేతిలో డబ్బు లేదు. విద్యార్థుల్ని ఏడిపిస్తాడని పేరున్న ప్రొఫెసర్ ఆడమ్‌తో కలిసి ఆమె ప్రేమ నాటకం ఆడుతుంది. అది నిజమైన ప్రేమగా మారుతుందని చదివేవాళ్లకు మొదటి పేజీల్లోనే తెలుసు. తెలిసీ చదువుతాం. ఆ హామీ కోసమే ప్రేమ నవల పట్టుకుంటాం.

ఫెలోషిప్ నెలల తరబడి రాని రోజుల్లో మెస్ బిల్లు ఎలా కట్టాలా అని చూస్తూ ఈ నవల చదివాను. నన్ను కదిలించింది ప్రేమ సన్నివేశాలు కాదు. ఆలివ్ ఎవరి ల్యాబ్‌లో చేరాలని ఆశపడిందో ఆ పెద్దమనిషి ఆమెతో అసభ్యంగా ప్రవర్తిస్తాడు, నువ్వు చెప్పినా ఎవరూ నమ్మరంటాడు. ఆడమ్ నమ్ముతాడు. తన పాత స్నేహితుడి మాట పక్కన పెట్టి ఆమె మాట నమ్ముతాడు. ఆ పేజీ దగ్గర నేను ఆగిపోయాను. క్యాంపస్‌లో వివక్ష గురించి ఫిర్యాదు చేసిన ఏ విద్యార్థినైనా అడగండి, అన్నింటికన్నా అరుదుగా దొరికేది ఏమిటని. నమ్మే మనిషి అనే చెబుతారు.

పేచీ కూడా అక్కడే ఉంది. సంస్థ చేయాల్సిన పనిని ఆ నవల ఒక మంచి మగవాడికి అప్పగించింది. ఫిర్యాదు వినే కమిటీ, జవాబు చెప్పే యంత్రాంగం, భయపడకుండా సాక్ష్యం చెప్పే తోటి విద్యార్థులు, వీటన్నిటి బదులు ఆరడుగుల ప్రేమికుడు. మనకు ప్రేమికుడూ కావాలి, కమిటీ కూడా కావాలి. ప్రేమ దొరకని విద్యార్థికి కూడా న్యాయం దొరకాలి కదా.

మా అమ్మ కట్టిన అర్ధరూపాయి

ఈ కోరిక నాతో మొదలవలేదు. మా అమ్మ ఏడో తరగతి దాకా చదివింది. నేను పుట్టకముందు ఆమె ఒక ఇంట్లో పనికి వెళ్లేది. ఆ ఇంటావిడ బస్టాండు దగ్గర కొట్లో నవలలు అద్దెకు తెప్పించుకునేది. చదవడం అయిపోయాక తిరిగి ఇచ్చి రమ్మని అమ్మ చేతికిచ్చేది. అమ్మ ఒక రోజు ఆలస్యంగా ఇచ్చేది. ఆ రాత్రి తాను చదివేది. ఆ రోజుకు పడే అర్ధరూపాయి అదనపు అద్దె తన డబ్బులోంచే కట్టేది.

యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' అమ్మ రెండుసార్లు అలా చదివింది. ఉద్యోగం చేసుకుని బతికే జయంతికి ఎంత డబ్బున్నవాడి ముందైనా తల వంచని అభిమానం ఉండటం ఆమెకు నచ్చింది. ఇప్పటికీ ఆ మాటే చెబుతుంది. ఓసారి నేను ఆ నవలల్లో కులం గురించి ఉపన్యాసం మొదలుపెడితే ఆపి ఇలా అంది: "అయ్యన్నీ నాకు తెల్దులే గానీ, అంతంత ఇళ్లు రాస్తారు గదా, ఆ ఇళ్లల్లో అంట్లు ఎవరు తోముతారో మాత్రం రాయరు." కాసేపాగి, "అయినా బాగుంటయ్యి" అంది.

నా థీసిస్‌లో అంతకన్నా మంచి వాక్యం నేను రాయలేదు. ఆ వాక్యంలో విమర్శ ఉంది, ఇష్టం కూడా ఉంది. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చని చాలామంది విమర్శకులు ఒప్పుకోరు. మన జనాదరణ ప్రేమ నవలల్లో కులం పేరు ఎక్కడా కనబడదు. ఇంటి నడవ, పూజగది, వంటమనిషి, బంధువుల వరసలు కలిసి ఆ పని నిశ్శబ్దంగా చేసేస్తాయి. పేదమ్మాయికీ ధనవంతుడికీ మధ్య డబ్బు గోడ ఉంటుంది, దాన్ని దూకుతారు. కులం గోడ దాకా కథ రాదు. ఇంగ్లిష్‌లో వచ్చినవీ అంతే. చేతన్ భగత్ '2 స్టేట్స్'లో పంజాబీ అబ్బాయి, తమిళ బ్రాహ్మణ అమ్మాయి. భాష వేరు, తిండి వేరు, తల్లిదండ్రులు ఒప్పుకోవడమే పెద్ద సమస్య. ఆ ఒప్పుకోలు కోసం ఓపిక పట్టే తీరిక వాళ్లకుంది. ఒప్పుకోకపోతే ప్రాణం పోతుందన్న భయం వాళ్లకు లేదు.

కట్టప్పను అడగని ప్రశ్న

ఇక ఫాంటసీ. 2015లో 'బాహుబలి' మొదటి భాగం వచ్చాక రెండేళ్ల పాటు దేశమంతా ఒకే ప్రశ్న అడిగింది, కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడని. కట్టప్ప ఎందుకు బానిస అని అడిగినవాళ్లు తక్కువ. తాతముత్తాతల మాటకు కట్టుబడి తరతరాలుగా సింహాసనానికి ఊడిగం చేసే కుటుంబం అది. ఆ ఊడిగాన్ని కథ విశ్వాసమని పిలిచింది, మనం చప్పట్లు కొట్టాం. అడవిలో పెరిగినవాడు కొండ ఎక్కగలిగింది కూడా రాజు కొడుకు కాబట్టేనని తేలింది. 1951 నాటి 'పాతాళభైరవి'లో తోటమాలి కొడుకు తోటరాముడు చివరిదాకా తోటమాలి కొడుకే. రాకుమారిని పెళ్లాడటానికి వాడికి రహస్యంగా రాజరక్తం తగిలించాల్సిన అవసరం రాలేదు. ఈ విషయంలో మనం ముందుకు వచ్చామా, వెనక్కి వెళ్లామా?

ప్రపంచవ్యాప్తంగా ఫాంటసీకి ఇదే జబ్బు. శారా జె. మాస్ సిరీస్‌లో వేటాడి కుటుంబాన్ని పోషించే పేద పిల్ల ఫేర్ మొదటి నవల చివరికల్లా మనిషి జాతి నుంచి పై జాతికి మారిపోతుంది. పేదరాలిగా ఉండగా పుట్టిన ప్రేమ ఆమె పై జాతి అయ్యాకే స్థిరపడుతుంది.

ఈ జబ్బుకు మందు రాసిన రచయితలు కూడా ఉన్నారు. నల్లజాతి అమెరికన్ రచయిత్రి ఎన్. కె. జెమిసిన్ 'ద ఫిఫ్త్ సీజన్' 2015లో వచ్చింది. ఆ సిరీస్‌లోని మూడు నవలలకూ 2016 నుంచి 2018 దాకా వరసగా హ్యూగో అవార్డులు వచ్చాయి. ఆ లోకంలో మనిషి పేరు పక్కనే అతని పని కులం ఉంటుంది: బరువు మోసేవాళ్లు, పిల్లల్ని కనేవాళ్లు, పాలించేవాళ్లు. వీటన్నిటికీ బయట భూకంపాలను ఆపగల శక్తి ఉన్నవాళ్లు ఉంటారు. వాళ్ల వల్లే నేల నిలకడగా ఉంటుంది. వాళ్లనే మనుషులు కారంటారు, బూతుమాటతో పిలుస్తారు, కాపలాలో పెట్టి పని చేయిస్తారు. మన ఊళ్లను శుభ్రంగా ఉంచినవాళ్లను మన ఊళ్లు ఏమన్నాయో తెలిసినవాళ్లకు ఇది ఊహాలోకంలా అనిపించదు. ఆ నవల మొదట్లోనే ఒక తండ్రి తన పసివాడైన కొడుకును కొట్టి చంపేస్తాడు, వాడిలో ఆ శక్తి ఉందని తెలిసి. ఒక శక్తి రక్తంలో ఉందన్న కారణానికి సొంత బిడ్డను చంపే సమాజం ఎలా తయారవుతుందో జెమిసిన్ మూడు నవలల నిండా విప్పి చూపింది.

మన దక్షిణాసియా నుంచి కూడా మంచి నవలలు వస్తున్నాయి. తాషా సూరి 2018లో రాసిన 'ఎంపైర్ ఆఫ్ శాండ్' మొఘల్ కాలాన్ని గుర్తుచేసే సామ్రాజ్యంలో నడుస్తుంది. నాయిక మెహర్ ఒక గవర్నర్ కూతురు. తల్లిది అణగారిన అమ్రితీ తెగ. ఆ తెగవాళ్లు ప్రమాణం చేస్తే అది వాళ్ల రక్తాన్నే కట్టిపడేస్తుంది, అందుకే వాళ్లు పెళ్లి ప్రమాణాలకు దూరంగా ఉంటారు. సామ్రాజ్యానికి ఆ రక్తంలోని శక్తి కావాలి. అందుకని మెహర్‌కు బలవంతపు పెళ్లి చేస్తారు. పెళ్లి అనే తాడుతో శ్రమను దోచుకోవడం, ఆ తాడు లోపల బందీలైన ఇద్దరు మెల్లగా ఒకరినొకరు గౌరవించడం నేర్చుకోవడం ఈ నవల. గౌరవం ముందు, ప్రేమ తర్వాత. ఈ వరస నాకు చాలా నచ్చింది.

శ్రీలంక రచయిత వజ్ర చంద్రశేఖర 2023లో రాసిన 'ద సెయింట్ ఆఫ్ బ్రైట్ డోర్స్'కు నెబ్యులా అవార్డు వచ్చింది. అందులో నాయకుడు ఒక మహాపురుషుడి కొడుకు, తండ్రిని చంపడానికే తల్లి పెంచిన కొడుకు. అతను ఆ పని వదిలేసి నగరానికి వచ్చి, తనలాగే 'ఎంపికైన వాళ్లు' కాబోయి కాకుండా పోయినవాళ్లతో కలిసి కూర్చుని కబుర్లు చెప్పుకుంటాడు. ఆ నగరంలో ప్రభుత్వం మనుషుల్ని జాతులుగా, కులాలుగా వర్గీకరించే తీరు చదివితే మన కుల ధ్రువీకరణ పత్రాల క్యూలు గుర్తొస్తాయి. రక్తం రాసిన రాతను కాదని వచ్చేసినవాడి కథ ఇది.

కోల్‌కతాకు చెందిన దళిత రచయిత్రి మిమి మండల్ ఈ రంగంలోనే కథలు రాస్తున్నారు. నల్లజాతి రచయిత్రి ఆక్టేవియా బట్లర్‌ను తలుచుకుంటూ ఆమె అలెగ్జాండ్రా పియర్స్‌తో కలిసి కూర్చిన పుస్తకానికి 2018లో లోకస్ అవార్డు వచ్చింది. మనవాళ్లు అక్కడ ఇప్పటికే ఉన్నారు. మన సిలబస్‌లకే ఇంకా తెలియలేదు.

సుఖాంతం

ప్రేమ నవలకు ఒక కచ్చితమైన నియమం ఉంది. చివరికి ఇద్దరూ బతికుండాలి, కలిసుండాలి. విమర్శకులు ఎక్కువగా ఎగతాళి చేసేది ఈ నియమాన్నే. జీవితం అలా ఉండదంటారు.

అవును, మనకు అలా ఉండదు. 2018 సెప్టెంబర్‌లో మిర్యాలగూడలో గర్భిణి అయిన భార్యను ఆసుపత్రిలో చూపించుకుని బయటికి వస్తున్న దళిత యువకుణ్ణి కిరాయి హంతకుడు ఆమె కళ్లెదుటే నరికి చంపాడు. నల్గొండ కోర్టు తీర్పు 2025 మార్చిలో వచ్చింది. 2011-12 నాటి భారత మానవాభివృద్ధి సర్వేలో తమది కులాంతర వివాహమని చెప్పినవాళ్లు దాదాపు 5 శాతమే. వేరు మతాల వాళ్లు మతం మారకుండా పెళ్లాడాలంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టమే దారి. కులాంతర జంటలు కూడా చాలామంది దాన్నే ఆశ్రయిస్తారు. పెళ్లి చేసుకోబోతున్నామని ముందుగా నోటీసు ఇవ్వాలి, అది ఆఫీసు గోడ మీద అందరికీ కనబడాలి, అభ్యంతరాలకు 30 రోజులు ఆగాలి. ప్రాణభయంతో పారిపోయి వచ్చిన జంటకు ఆ ముప్పై రోజులు ఎలా గడుస్తాయో ఏ నవలా వివరంగా చెప్పలేదు. డ్రాగన్ల కళాశాలలో ఆ సన్నటి గోడ మీద నడక కొన్ని నిమిషాలే. ఇది నెల రోజుల నడక.

అందుకే మన కళాకారులు నిజం చెప్పారు. నాగరాజ్ మంజులే 'సైరాట్' నెత్తుటితో ముగిసింది. అలా ముగించడం అప్పుడు అవసరం. కానీ ప్రతిసారీ మనకు అదే ముగింపు రాస్తే, దళితుడి ప్రేమ అంటే చావని చదివేవాళ్లకు అలవాటైపోతుంది. చంపేవాడికి కావాల్సింది కూడా ఆ అలవాటే. భయపెట్టడానికే కదా వాడు నడిరోడ్డు మీద చంపేది. నోటీసు కాగితం గోడ మీదుండగా ముప్పై రోజులు గడిపి, ముప్పై ఒకటో రోజు సంతకం చేసి, అద్దె ఇల్లు వెతుక్కుని, పిల్లల్ని కని, ముసలివాళ్లై పోట్లాడుకునే జంట కథ మనకు కావాలి. అలాంటి జంటలు ఉన్నాయి. మన క్యాంపస్‌లలోనే ఉన్నాయి. వాళ్ల సుఖాంతం పెద్దింటివాళ్లకు మామూలు ప్రేమ నవల, మనకు రాజకీయ డిమాండ్.

దళిత సాహిత్యం వాస్తవికంగానే ఉండాలని కొందరు మిత్రులు అంటారు. ఆత్మకథ, వెత, సాక్ష్యం మన బలమని గుర్తుచేస్తారు. ఆ బలాన్ని నేను కాదనను. అయితే 2000లో వచ్చిన జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' తెరిచి చూడండి. రూతు జ్ఞాపకాల్లో తరాల కథ నడుస్తుంది. ఆకలి ఉంది, అవమానం ఉంది, వాటితోపాటే ప్రేమ, ఆట, పాట ఉన్నాయి. సింహాసనం లేని వంశ చరిత్ర అది. రాజరక్తం గురించి గొప్పలు చెప్పే కథలకు అంతకన్నా మంచి జవాబు లేదు. రోహిత్ వేముల నక్షత్రాలను ప్రేమించాడు, కార్ల్ సేగన్ లాగా సైన్సు గురించి రాయాలనుకున్నాడు. అతని నుంచి ఈ దేశం ఒకే ఒక్క ఉత్తరాన్ని చదివింది. నక్షత్రాల గురించి అతను రాయాల్సిన పుస్తకాలు పోయాయి. మన పిల్లలు వెతలు మాత్రమే రాయాలని మనం కూడా అంటే, ఆ నష్టాన్ని కొనసాగించినట్టే.

సాహిత్య విభాగాల్లోని అధ్యాపకులు, తోటి పరిశోధకులు జెమిసిన్‌నూ, సూరినీ, చంద్రశేఖరనూ 'కుల నిర్మూలన' పక్కన పెట్టి పాఠం చెప్పాలి. రొమాన్స్ మీద థీసిస్ రాస్తానన్న విద్యార్థిని చూసి నవ్వకూడదు. రాయగలిగిన మిత్రులు ఫాంటసీ రాయాలి, ప్రేమ నవల రాయాలి, తెలుగులో రాయాలి. నాయికకు రహస్యంగా రాజవంశం తగిలించకుండా రాయాలి. ఆ పెద్ద ఇంట్లో అంట్లు ఎవరు తోముతారో కూడా రాయాలి. వీలైతే ఆమెనే నాయికను చేయాలి.

ఈసారి ఊరికి వెళ్లినప్పుడు 'ఎంపైర్ ఆఫ్ శాండ్' కథ అమ్మకు రెండు రాత్రుళ్లు చెప్పాను. బలవంతపు పెళ్లి దగ్గర ఆమె లేచి కూర్చుంది. "ఇంతకీ ఆ పిల్ల బయటపడుద్దా?" అని అడిగింది. బయటపడుతుందని చెప్పాను. "అయితే చెప్పు" అని మళ్లీ పడుకుంది.

జై భీమ్.